గడియారం తప్పిన రూటర్

పలాస, మంగళవారం

గేమ్ బాక్సుకి ఎనిమిదింటికల్లా నెట్ ఆగిపోయేలా నేను రూటర్‌లో టైం పెట్టినప్పటి నుంచి హారిక నాతో ముభావంగానే ఉంది. ఇలా తాళం వేసి కూతురికి అదుపు నేర్పగలనా అని నాకూ అనుమానమే.

ఈ సాయంత్రం గాలికి కరెంటు పోయి వచ్చింది. రూటర్ గడియారం వెనకబడింది కాబోలు, ఎనిమిది దాటినా నెట్ ఆగలేదు. నేను గమనించనేలేదు. హారికే ఆట ఆపి వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నెట్టు ఇంకా వత్తంది. నువ్వు పెట్టిన టైము పాడైపోనాదేటో సూడు."

జీడిపప్పు పొట్టు తీస్తున్న అత్తయ్య నవ్వారు. "పోలీసోడు నిద్దరోతే దొంగే వచ్చి లేపింది సూడమ్మా."

హారికా నవ్వింది, చాలా రోజులకు నా వైపు చూసి.

గడియారం సరిచేద్దామని ఫోన్ తీశాను. ఎందుకో మళ్ళీ పక్కన పెట్టేశాను. రేపు ఎనిమిదింటికి కూడా తనే లేచి వస్తుందేమో, చూడాలని ఉంది…