మొండిదానికి మూడు దారులు

ఫిబ్రవరి 8

అక్క ఈ రోజు సెలూన్‌కి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చుని, మొండిది ఎక్కుతాను అంది. నేను ఒకావిడ జుట్టుకి రంగు వేస్తున్నాను. బ్రష్ జారి రంగంతా ఆవిడ చెవి మీద పడింది.

ఊరి వెనక కొండలకి మూడు శిఖరాలు. పెద్దది, నడిపిది, మొండిది. మొండిది ఎత్తులో ఆఖరిది, పొగరులో మొదటిది. స్కూల్లో పీటీ టీచర్‌గా ఉన్న రోజుల్లో అక్క మిగతా రెండూ ఎక్కేసింది. మొండిది మాత్రం రెండుసార్లు వెనక్కి పంపింది, ఒకసారి వానతో, ఒకసారి గాలితో. మూడోసారి వెళ్ళేలోపు గ్లకోమా వచ్చింది. చూపు కొంచెం కొంచెంగా పోయింది. ఇప్పుడు వెలుగు ఉందో లేదో తెలుస్తుంది, అంతే.

ఎవరు తీసుకెళ్తారక్కా అన్నాను. నువ్వే, ఇంకెవరు అంది. బల్బు మార్చడానికి స్టూలెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయని తనకి బాగా తెలుసు.

ఫిబ్రవరి 11

ట్రెక్కింగ్ క్లబ్బు పెద్దాయన కటింగ్‌కి వచ్చాడు. నిద్రలో కూడా మెడలోంచి విజిల్ తియ్యడని ఊళ్ళో అందరూ విజిల్ మాస్టారు అంటారు. క్లబ్బు ఏటా మార్చి ఆఖర్లో మొండిది ఎక్కుతుంది. ఈసారి అక్కని కూడా కలుపుకుంటారా అని అడిగాను. మీ అక్కగారంటే నాకు చాలా గౌరవమమ్మా, కానీ బాధ్యత ఎవరిది చెప్పు అన్నాడు. కావాలంటే కింద టెంట్ దగ్గర కూర్చుని టీ పంచే పని ఇస్తాం, సరదాగా ఉంటుంది కదా అన్నాడు. అప్పటికి నా చేతిలో కత్తెర ఆయన చెవి పక్కనే ఉంది. ఎంత ధైర్యం!

అక్కకి చెప్తే నవ్వింది. ఆ తర్వాత అన్నానికి కూర్చున్నాం. చెయ్యి కడుక్కుంటూ, టీ అంట, అంది.

ఫిబ్రవరి 12

సరే అన్నాను.

ఫిబ్రవరి 16

నా కుర్చీలో కూర్చున్న ప్రతివాళ్ళనీ దారుల గురించి అడుగుతున్నాను. మెడకి గుడ్డ కట్టాక ఎవరూ పారిపోలేరు. మొండిదానికి మూడు దారులు. అడవి దారి చాలా సేఫ్, మా అత్తగారు కూడా నడిచింది అని బ్యాంకు మేనేజర్. గట్టు దారి ఎక్కకపోతే జన్మే వేస్ట్, రెండు పక్కలా లోయలు, ఏం వ్యూ అండీ అని ఫొటో స్టూడియో ఆయన. క్లబ్బుదీ అదే దారి. మూడోది చీలిక దారి. కొండ నిలువునా పగిలినట్టుంటుంది, ఆ పగులులోంచి పైకి పోవాలి. దాన్ని మాత్రం ఒక్కరూ మెచ్చుకోలేదు. నూతిలోంచి ఎక్కుతున్నట్టే, తడి గోడలు తప్ప ఏం కనిపించదు అన్నారు.

సరే, అడవి దారితో మొదలుపెడదాం అనుకున్నాం.

ఫిబ్రవరి 20

సెలూన్‌కి సెలవు. అడవి దారి చూశాం. అక్కకి రెండు చేతుల్లో రెండు కర్రలు, నా బ్యాగుకి గంట. ఆ చప్పుడు పట్టుకుని వెనకాలే వస్తుంది. ముందేముందో నేను చెప్పాలి. నా చెప్పడం దరిద్రంగా ఉంది. జాగ్రత్త, జాగ్రత్త అని అరవడమే. అక్క ఆగిపోయి, వచ్చింది పులా, రాయా? అది చెప్పవే ముందు అంది.

ఆ దారి నిండా చెట్ల వేళ్ళు. ఏ రెండడుగులూ ఒకలా ఉండవు. కొమ్మలు సరిగ్గా మొహం ఎత్తులో. నేను చూసి వంగుతాను, చెప్పేలోపు అక్కకి తగులుతుంది. సగం దూరంలో తన కాలు వేరులో ఇరుక్కుంది. బోర్లా పడింది. నుదురు చీరుకుపోయింది.

కుట్లు వేస్తున్న డాక్టరుతో, అన్నిట్లోకీ తేలికైన దారిలో పడ్డానండీ అని గొప్పగా చెప్తోంది.

ఫిబ్రవరి 21

బావ సెలూన్‌కే వచ్చేశాడు. ఎవరిదో ఫ్రిజ్ బాగుచేస్తూ మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నాడు, చేతిలో స్క్రూడ్రైవర్. నీకు బుద్ధుందా, కళ్ళున్నదానివి నువ్వేం చేస్తున్నావు అని కస్టమర్ల ముందే అరిచాడు. సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను, ఇక మానేద్దామని చెప్పడానికి.

నేను నోరు తెరవకముందే అక్క మొదలుపెట్టింది. పడింది నేనైతే తిట్లు దానికెందుకు, నన్ను తిట్టు అంది బావతో. బావ నేల చూస్తున్నాడు. కళ్ళు పోయిన దగ్గర్నుంచీ నువ్వు నాతో ఒక్కసారైనా పోట్లాడావా, కూరలో ఉప్పు ఎక్కువైనా బావుందంటావు, నేనేమన్నా గాజు గ్లాసునా అంది. బావ మొదట గొణిగాడు. తర్వాత గొంతు పెరిగింది. ఉప్పు దగ్గర మొదలై, మొండిదాని మీదుగా, పెళ్ళైన కొత్తలో అక్క అమ్మేసిన ఆయన సైకిల్ దాకా పోయింది. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచారు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

కాసేపయ్యాక బావ వంటింట్లోకి వచ్చి మంచినీళ్ళు తాగి, మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నారు, వ్యాన్‌లో దింపుతాను అన్నాడు. హాల్లో అక్క మొహం వెలిగిపోతోంది. అబ్బ, ఎన్నాళ్ళయిందే ఇలా పోట్లాడి, అంది నాతో.

ఫిబ్రవరి 27

గట్టు దారి. దారి పొడుగునా రాయి చదునుగా, శుభ్రంగా ఉంది. అక్క కాళ్ళకి అదే హాయి అనుకున్నాం. కానీ గాలి. నేను ఎడమ అని అరిస్తే ఆ ఎడమ లోయలోకి కొట్టుకుపోతోంది. గంటా వినిపించలేదు. వెనక్కి తిరిగి చూస్తే అక్క నిలబడిపోయి ఉంది, తల అటూ ఇటూ తిప్పుతూ నన్ను వెతుక్కుంటోంది. ఇంట్లో కూడా తనని అలా చూడలేదు.

దగ్గరికి వెళ్ళాలి. నాకు కాళ్ళు రాలేదు. కూర్చుని, జరుగుతూ, దేక్కుంటూ వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఎందుకే ఇంత కింద నుంచి వస్తోంది నీ గొంతు అంది. కూర్చున్నానక్కా అన్నాను. అంత భయంలోనూ ఇద్దరికీ నవ్వాగలేదు.

ప్యాంటు వెనకాల చిరిగింది.

మార్చి 5

చీలిక దారి!

ఎవరూ మెచ్చుకోని ఆ నూతిలోకి అడుగుపెట్టగానే అక్క రెండు చేతులూ చాచింది. ఇటు గోడ, అటు గోడ. కర్రలు నాకిచ్చేసింది. కింద ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు బండలు. వేళ్ళు లేవు, కొమ్మలు లేవు, గాలి లేదు. నేను గుసగుసగా చెప్పినా వినిపిస్తోంది. అక్క నాలుకతో టక్కుమని చప్పుడు చేసి, కాసేపు విని, ముందు ఇరుకవుతుంది కదా అంది. అయింది.

వీళ్ళందరూ కళ్ళతో నడుస్తారే, అందుకే నచ్చలేదు అంది. తడి గోడకి చెంప ఆనించి నిలబడింది. అందరికీ చెత్త దారి. మాకు రాజమార్గం.

మార్చి 12

మళ్ళీ చీలిక. ఇప్పుడు మాకో భాష వచ్చింది. మెట్టు ఎంత ఎత్తని అడిగితే బకెట్ అంటాను, స్టూల్ అంటాను, సెలూన్ కుర్చీ అంటాను. కుర్చీ పైకి పంప్ చేసిందా, చెయ్యనిదా అని అడుగుతుంది. బకెట్, బకెట్, స్టూల్ అంటూ చకచకా ఎక్కాం. కిందకి దిగుతున్న ఒక జంట మాకు పిచ్చి పట్టిందనుకున్నట్టున్నారు.

చీలిక చివరిదాకా వెళ్ళి చూశాను. అక్కడ గోడలు అయిపోతాయి. శిఖరం ముందు ఏటవాలు బండ ఒకటి, పట్టుకోవడానికి పాత ఇనప గొలుసు, ఒక పక్కంతా ఆకాశం. ఏముంది అక్కడ అని అక్క అరిచింది. కొంచెం బండ ఉంది అన్నాను. కొంచెమేనా అంది. ఇక దిగుదాం పద అన్నాను.

మార్చి 24, తెల్లవారుజాము

క్లబ్బువాళ్ళు వెళ్ళేది కూడా ఈ రోజే. అక్క కావాలనే పెట్టింది. బావ హారన్ కొడుతున్నాడు.

మార్చి 24, సాయంత్రం

ఎక్కింది. ఎక్కాం. మొండిది ఎక్కేశాం!

మొదట్నుంచీ రాస్తాను. చీలికలో ఏ ఇబ్బందీ లేదు. చివర గోడలు అయిపోయాయి, బండ వచ్చింది. పద్ధతి ప్రకారం నేను ముందు. గొలుసు పట్టుకుని నాలుగడుగులు వేసి, చూడకూడదనుకుంటూనే కిందకి చూశాను. కింద ఊళ్ళో ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అంతే, కాళ్ళు బిగుసుకుపోయాయి. గంట ఆగిపోయింది.

ఏమైందే, అంది అక్క వెనక నుంచి. కిందకి చూశానక్కా, కదల్లేను అన్నాను. ఏడుపు వచ్చేస్తోంది. అక్క కంగారు పడలేదు. సరే, అదంతా నాకక్కర్లేదు, నీ చెయ్యి పక్కన రాయి ఎలా ఉందో చెప్పు అంది. గరుగ్గా ఉంది అన్నాను. ఇంకా? మధ్యలో గీత ఉంది, వేలు పడుతుంది. కాలికి? బకెట్. బకెట్ కంటే కొంచెం తక్కువ. ఆ తర్వాత? ఆ తర్వాత ఏముందో చెప్పాలంటే అడుగు వెయ్యాలి. వేశాను. మళ్ళీ ఆ తర్వాత? ఇంకోటి వేశాను. తను అడుగుతోంది, నేను చెప్తున్నాను, చెప్పాల్సిన రాయి తప్ప ఇంకేం కనిపించడం లేదు. గొలుసు అయిపోయింది. చదును వచ్చింది. వెనకే అక్క, నేను చెప్పిన ప్రతి రాయినీ చేత్తో తడుముకుంటూ, అవును, గీత ఉంది, అవును, బకెట్, అని నా మాటలు నాకే అప్పజెబుతూ పైకి వచ్చింది.

శిఖరం మీద ఒక ఇనప కడ్డీ పాతి ఉంది. అక్క చెయ్యి దాని మీద పెట్టాను. కింద నుంచి పైదాకా తడిమింది. తర్వాత చెయ్యి ఇంకా పైకెత్తి గాలిలో వెతికింది. ఇంకా పైన ఏమీ లేదా అంది. ఏమీ లేదక్కా. ఖాయంగా? ఖాయంగా.

అప్పుడు అరిచింది. స్కూల్ గ్రౌండ్‌లో ఆ చివరి పిల్లలకి వినిపించేలా అరిచే పాత గొంతు. పక్షులు లేచిపోయాయి. నేనూ అరిచాను. నా గొంతు అంతుంటుందని నాకే తెలియదు.

చాలాసేపు కూర్చున్నాం. ఏం కనిపిస్తోందో అన్నీ చెప్పించుకుంది. పెద్దది ఎటుంది అని నేనడిగితే, మొహం మీద ఎండ చూసుకుని వేలు చూపించింది. సరిగ్గా అక్కడే ఉంది.

మేం బ్రెడ్డు తింటుంటే గట్టు దారి నుంచి క్లబ్బువాళ్ళు వచ్చారు. ముందు విజిల్ మాస్టారు. అక్కని చూడగానే నోట్లోంచి విజిల్ జారిపోయింది. మీరెటు నుంచి వచ్చారమ్మా అన్నాడు. అక్క బ్రెడ్డు నమిలి, మింగి, తీరిగ్గా, చీలికలోంచి మాస్టారూ, మీ దారిలో గాలి ఎక్కువ, మాటలు వినబడవు అంది. ఆయన దగ్గరికి వచ్చి కింద కూర్చున్నాడు. నేను చాలా తప్పు మాట అన్నానమ్మా అన్నాడు. అక్క బ్రెడ్డు ముక్క ఒకటి ఆయనకిచ్చింది.

దిగేసరికి టెంట్ దగ్గర బావ అందరికీ టీ పంచుతున్నాడు. అక్కని చూసి కప్పు చేతిలో పెట్టబోయి, పెట్టలేక, కప్పుతో సహా కౌగిలించుకున్నాడు. ఒళ్ళంతా టీ చేశావు కదయ్యా అని అక్క మొదలుపెట్టింది. చూసుకుని తాగాలి అని బావ అందుకున్నాడు. వ్యాన్ ఎక్కేదాకా పోట్లాడుకున్నారు.

మార్చి 25

ఒళ్ళు నొప్పులు. కత్తెర ఎత్తలేకపోయాను. కస్టమర్లే నాకు కాఫీ తెప్పించారు.

ఏప్రిల్ 2

క్లబ్బు హాల్లో అక్క మాట్లాడింది. మూడు దారులనీ పోల్చి చెప్పమని విజిల్ మాస్టారే ఇంటికొచ్చి పిలిచాడు. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. ఏ దారిలో పాదానికి ఏం తెలుస్తుంది, చెవికి ఏం తెలుస్తుంది, చేతికి ఏం దొరుకుతుంది, ఇవే చెప్పింది. వ్యూ సంగతి మా చెల్లిని అడగండి, ఆ డిపార్ట్‌మెంట్ తనది అంది. నన్ను నిలబెట్టారు. చప్పట్లు. నాకు సిగ్గేసింది, కానీ కూర్చోబుద్ధి కాలేదు.

తర్వాత ఒకాయన వచ్చి, తనకీ చూపు తగ్గుతోందని, ఇంట్లో ఇంకా చెప్పలేదని అక్క చెయ్యి పట్టుకుని నెమ్మదిగా చెప్పాడు. వచ్చే వారం చీలిక దారి దగ్గరికి రమ్మంది.

ఏప్రిల్ 9

పొద్దున్నుంచీ ఒకటే వాన. వాళ్ళింటికి వెళ్ళేసరికి అక్క బూట్లు తొడుక్కుని, లేసులు బిగించుకుని, గుమ్మంలో కూర్చుని ఉంది. ఈ రోజు ఆయన్ని చీలికకి తీసుకెళ్ళడం కుదరదు కదక్కా అన్నాను. తెలుసు అంది.

నేనూ పక్కనే కూర్చున్నాను.