చదును

జూన్ 3, మంగళవారం

ఆసుపత్రి నుంచి వచ్చాం. ఇద్దరమే. ఏడో నెల అని అందరికీ తెలుసు. అయినా వీధిలో ఎవరూ ఏమీ అడగలేదు.

గదిలో ఉయ్యాల లేదు. నేను కుట్టిన చొక్కాలు లేవు. ఉయ్యాల కోసం పైన బిగించిన కొక్కెం కూడా ఈయన పీకేశారు. ఆ కన్నంలో పుట్టీ పెట్టి రంగు వేశారు. తెలియనివాళ్లు ఎంత చూసినా కనిపెట్టలేరు.

ఈయన నా భుజం తట్టి, పాలు కాచి ఇచ్చారు.

జూన్ 4, మధ్యాహ్నం

స్టూలెక్కి తడిమి చూశాను. పుట్టీ ఇంకా మెత్తగానే ఉంది.

జూన్ 6, శుక్రవారం

బిడ్డ దక్కలేదని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఈయన టోపీ తీసి, చెయ్యి చాపి, థాంక్యూ మేడమ్ అన్నారు. ఆవిడ బిత్తరపోయింది. నేను మంచం మీద నుంచి చూస్తూనే ఉన్నాను.

అత్తయ్యతో చెబితే, వాడంతే అమ్మాయ్, అన్నారు. మామయ్యగారు గోల్ఫ్ గ్రౌండ్‌లో గడ్డి కోసేవారు. కొడుక్కి అక్షరాలు రాకముందే విరిగిన గోల్ఫ్ కర్ర ఒకటి పొట్టిగా కోసి చేతికిచ్చారట. బంతి ఎక్కడ పడితే అక్కడి నుంచే కొట్టాలి, చేత్తో జరపకూడదు. ఓడితే టోపీ తీసి చెయ్యి కలపాలి. ఇసుక గుంటలో దిగితే, వచ్చేటప్పుడు రేక్‌తో, అదే ఇసుక చదును చేసే పళ్ల కర్రతో, నీ అడుగులు నువ్వే చెరిపేయాలి. వెనక వచ్చేవాడికి నీ తిప్పలు కనపడకూడదు. చిన్నప్పుడు మోచెయ్యి విరిగితే, కట్టు కట్టిన కాంపౌండర్‌తో కలపడానికి రెండో చెయ్యి చాపాడట.

పెళ్లి ఫొటో చూశావుగా, అప్పుడూ అదే మొహం, గెలిచాడో ఓడాడో కన్నదాన్ని నాకే తెలీలేదు అన్నారు అత్తయ్య. నవ్వబోయి ఆగిపోయారు.

జూన్ 9, సోమవారం

పక్కింటి అక్క వచ్చింది. నువ్వు అదృష్టవంతురాలివే, మా ఆయనైతే ఈపాటికి నన్నూ మా అమ్మనీ కలిపి దులిపేసేవాడు అంది.

నిజమే. ఈయన పల్లెత్తు మాట అనరు. ఒక్కసారి తిడితే బాగుండు, పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. మంచివాడితో ఎలా పోట్లాడతారు?

జూన్ 14, శనివారం

ఇన్నాళ్లూ నోట్లోనే తిరిగిన మాట ఇవాళ అడిగాను. బిడ్డకని నేనల్లిన పసుపు రంగు ఊలు టోపీ ఏదండీ అని.

గోల్ఫ్ క్లబ్‌లో ఊడ్చే ఆవిడ మనవరాలికి ఇచ్చేశారట. నీ కంట పడితే బాధపడతావని, అన్నారు. చాలా మెల్లగా అన్నారు.

సరేనండీ అన్నాను. నాకు బాధపడాలనే ఉందండీ అన్న మాట మాత్రం తర్వాత వంటింట్లో అన్నాను, గిన్నెలతో.

జూన్ 19, సాయంత్రం

ఖాళీ క్యారేజీ తెస్తానన్న వంకతో గోల్ఫ్ గ్రౌండ్‌కి వెళ్లాను. ఈయన ఇప్పుడు అక్కడే కోచ్. పిల్లలకు నేర్పుతున్నారు. ఒక పాప బంతి ఇసుక గుంటలో పడింది. ఎంత కొట్టినా పైకి రాదే. ఏడ్చేసింది. ఈయన ఏడవొద్దని అనలేదు. గట్టు మీద కూర్చుని ఆగారు. ఏడుపు అయ్యాక రేక్ చేతికిచ్చారు. పాప ముక్కు ఎగబీలుస్తూ, తన అడుగులు తనే చెరుపుకుంటూ, వెనక్కి వెనక్కి నడిచి బయటికొచ్చింది.

ఇందాక అక్కడొక పిల్ల ఏడ్చిందంటే ఎవరూ నమ్మరు.

ఈయన్ని ముందు పంపేసి, అందరూ వెళ్లిపోయాక చెప్పులు విప్పి ఆ ఇసుకలో దిగాను. నడిచాను. మధ్యలో కూలబడ్డాను కూడా. రేక్ పక్కనే ఉంది. ముట్టుకోలేదు.

పొద్దున్నే వెళ్లేది ఆయనే. చూడనీ.

జూన్ 20

మధ్యాహ్నమే వచ్చేశారు. ప్యాంటు మోకాళ్ల దగ్గర ఇసుక. నీ అడుగులు పోల్చుకున్నాను అన్నారు.

చదును చేసేశారా అని అడిగాను.

చేశారట. రేక్‌తో కాదు, చేత్తో.

గుమ్మంలోనే నిలబడి టోపీ తీశారు. నా వైపు చెయ్యి చాపారు.