ఆయుధపూజ చేసిన కంప్యూటరు

ధర్మవరం

శ్రుతి నాయన గారికి యశోద నమస్కారాలు. ఇక్కడ నేను, శ్రుతి, అత్తమ్మ బాగానే ఉన్నాం. అక్కడ మీరు వేళకు తిని, మందులు మింగి, డాక్టరు మాట వింటున్నారని నమ్ముతున్నాను. తాగుడు మాన్పించే చోట ఫోన్లు ఇవ్వరట. పెళ్లికి ముందు రాసుకోని ఉత్తరాలు ఇప్పుడు రాసుకుంటున్నాం, మన ఖర్మ.

కంప్యూటరు సంగతి అడిగారు. మీరు చెప్పినవన్నీ చేశాను. వైర్లు పీకి మళ్లీ పెట్టాను. పక్క రేకు విప్పి, ర్యామ్ ముక్కలు తీసి, శ్రుతి రబ్బరుతో మెరిసేదాకా రుద్దాను. లోపలి బిళ్ల బ్యాటరీ కూడా మార్చాను. స్విచ్చి నొక్కితే ఫ్యాను ఒక చుట్టు తిరిగి ఆగిపోతుంది. బీప్‌మని శబ్దం వస్తోందా అన్నారు. రాదు. మీరు తాగొచ్చిన రోజుల్లో నేను కూర్చున్నట్టు కూర్చుంది, ఉలుకూ పలుకూ లేకుండా.

ఎట్లా చెడిందని కూడా అడిగారు. ఆయుధపూజ నాడు మగ్గానికి చేసినట్టే దానికీ చేశాం. అత్తమ్మ పసుపు కుంకాలు పెట్టింది. నేను టెంకాయ కొట్టి ఆ నీళ్లు దాని నెత్తిన చల్లాను. పైన గాలి రంధ్రాలున్నాయని చూసుకోలేదు. అన్నం పెట్టే వస్తువు కదా, భక్తి ఎక్కువైంది. తిట్టాలనుంటే తిట్టండి.

మీరు గీసిన చీర డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. పెన్‌డ్రైవులో కాపీ ఉంది, వెతకమన్నారు. దాన్ని మీరే తాగిన మత్తులో ఎక్కడో పారేసుకున్నారు, మీకే గుర్తులేదు. డిజైను లేనిదే మగ్గానికెక్కించే అట్టలకు చిల్లులు కొట్టలేం, అట్టలు లేనిదే ఓబన్న మగ్గం ఆడదు. పాపం, అతను రోజూ వచ్చి గడపలో కూర్చుంటున్నాడు.

"ఆయప్పను రెండు దినాలు పిల్చుకోని రామ్మా. పెట్టె బాగుచేసి మళ్లా పోతాడు" అన్నాడు.

రెండు దినాలకని వస్తే మీరు మళ్లీ పోరని నాకు తెలుసు. మన వీధి చివర బ్రాందీ అంగడి ఎక్కడికీ పోలేదు.

ఇంతవరకు దాచిన మాట ఒకటుంది. ఇక్కడివాళ్లు చేతులెత్తేస్తే, హిందూపురంలో కంప్యూటర్లు బాగుచేసే తౌసీఫ్ దగ్గరికని మంగళవారం పెట్టెను దుప్పట్లో మూటగట్టుకొని రైలెక్కాను. పెనుకొండ వచ్చేసరికి మనసు ఆగలేదు, దిగేశాను. మిమ్మల్ని వెంటబెట్టుకొని పోదామనే మీ ఆసుపత్రి గేటుదాకా వచ్చాను. మీరు వరండాలో అందరికీ మజ్జిగ పోస్తున్నారు. నిండు గ్లాసు ఒక ముసలాయన చేతికి అందించారు. చుక్క తొణకలేదు. మీ చెయ్యి వణకకుండా చూసి ఎన్నేళ్లయిందో. పిలుద్దామని నోరు తెరిచి కూడా పిలవలేదు. ఏడ్చుకుంటూ స్టేషనుకు పోయి మళ్లీ రైలెక్కాను.

తౌసీఫ్ పెట్టె విప్పి, లోపలి డిస్కు తీసి తన కంప్యూటరుకు తగిలించి చూశాడు.

"అక్కా, టెంకాయ నీళ్లు దిగి కరెంటు ఎదురుతన్ని హార్డ్‌డిస్కు కాలిపోయిండాది. డిజైన్లు ఇంక రావు" అన్నాడు.

కొత్తది వేసిచ్చాడు. కంప్యూటరు ఇప్పుడు లేస్తోంది గానీ లోపల ఏమీ లేదు. మీ ఇన్నేళ్ల కష్టం నా చేతులారా పోగొట్టాను. ఈ మాట రాయలేక కాగితాలు చింపి చింపి పారేశాను.

ఓబన్నకు ఉన్నదున్నట్టు చెప్పాను. వేరేవాళ్ల అట్టలు తెచ్చుకుంటానన్నాడు, కాదనలేకపోయాను. మీకు నా మీద ఎంత కోపమొచ్చినా సరే, ఈ జాబు చూసి గేటు దూకి రావద్దు. డాక్టరు పొమ్మన్నప్పుడే రండి. పోయిన డిజైన్లు మళ్లీ గీసుకోవచ్చు. గీసే చెయ్యి నాకు పెనుకొండలో కనబడింది.

ఇట్లు,
మీ మీద కోపమూ ఆశా రెండూ చావని
శ్రుతి వాళ్లమ్మ,
యశోద