భాషల పండుగకు గడప గడపకూ పిలుపు

ఓల్డ్ సెటిల్‌మెంట్,
ఖరగ్‌పూర్.

ప్రియమైన అప్పకు,

నీ చెల్లెలు లలిత నమస్కారాలు. నేనిక్కడ కులాసాగా ఉన్నాను. పలాసలో నువ్వూ, బావా, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? మందు మానేశావని బావ చెప్పాడు. మానకు. ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు, ఫోనులో పంపలేనిది ఒకటి ఉంది. చివర చెబుతాను.

బడిలో నా ఉద్యోగం బాగుంది. వానలు వెళ్లి ఎండ మెత్తబడింది. పొద్దున్నే మరమరాల్లో ఆవనూనె, పచ్చిమిర్చి కలుపుకుని తినడం అలవాటైంది. వచ్చిన కొత్తలో సాయంత్రాలు దిగులుగా ఉండేవి, ఇప్పుడు దిగులుపడే తీరికే లేదు. నా గురించి బెంగ పెట్టుకోకు.

అసలు సంగతికొస్తాను. మా తెలుగువాళ్ల లైనులో నర్సింగ్ చదివిన ఆడపిల్లలు చాలామంది ఉన్నారు. జర్మనీలో ఉద్యోగాలున్నాయట, భాష రాక ఆగిపోయారు. కలకత్తా వెళ్లి నేర్చుకునే వీలు అందరికీ ఉండదు కదా. నేను విశాఖలో జర్మన్ నేర్చుకుంటుంటే ‘అదేం కూడు పెడుతుందే’ అని వెక్కిరించావు, గుర్తుందా? ఆ జర్మనే ఆదివారాలు వీళ్లకు ఊరికే చెబుతాను, హాలు ఇవ్వండని కమ్యూనిటీ హాలు సెక్రటరీని అడిగాను. ఆయన బెంగాలీ అయినా తెలుగు బాగానే మాట్లాడతాడు.

“ముందు ఒక ప్రోగ్రాం పెట్టు దీదీ. హాలు నిండితే ప్రతి ఆదివారం తాళం నీకే. నిండకపోతే మళ్లీ అడగొద్దు. ఠీక్ హై?” అన్నాడు.

ఠీక్ హై అనేశాను. పందెమంటే నేను వెనకాడనని నీకు తెలుసు.

విదేశీ భాషల పండుగ అని పేరు పెట్టాను. జర్మన్ నాది. పక్కింటి రూతమ్మ ఆంటీ మస్కట్‌లో చాలాకాలం ఆయాగా పనిచేసి వచ్చింది, అరబ్బీ ఆవిడది. పూరీ గేట్ దగ్గర మోమోలు అమ్మే దీదీది నేపాలీ. సుభాష్‌పల్లి దాకా పోస్టర్లు అతికించి, ‘ప్రవేశం ఉచితం’ అని పెద్ద అక్షరాలతో వేయించాను. ఇంకేం, జనం విరగబడతారనుకున్నాను. దారిలో ఎవరిని అడిగినా “సూద్దాం లెమ్మా” అన్నవాళ్లే. ఆ మాటకు మేం రాలేమని అర్థమని నీకు నేను చెప్పాలా?

నా మొహం చూసి రూతమ్మ ఆంటీకి నవ్వొచ్చింది. “గోడలకి సెప్పినావు గానీ, గడప తొక్కినావేటి?” అంది.

“అందరికీ కనిపించేలా పెట్టాను కదా ఆంటీ. పైగా ఫ్రీ.”

“అదే మరి. పిలుపు లేకుండా ఊరికే పెడితే వొచ్చి కూకోడానికి ఆళ్లేటి గతిలేనోళ్లా? పిలవని పేరంటానికి ఎవులొస్తారే?”

సిగ్గేసింది అప్పా. పుట్టింది పలాసలో, చేసిందేమో పిలుపు మర్యాద తెలియనివాళ్ల పని.

మర్నాడే కుంకుమ భరిణె పట్టుకుని బయలుదేరాను. హిందువుల ఇళ్లలో నేను బొట్టు పెట్టి పిలిచాను. క్రైస్తవుల ఇళ్లలో ఆంటీ ముందు నడిచి, రెండు చేతులూ పట్టుకుని పిలిచింది. ‘మా ఇంటి పని, తప్పకుండా రావాలి’ అన్న మాట మాత్రం ఇద్దరిదీ ఒకటే. సందు సందూ తిరిగేసరికి కాళ్లు పీకేశాయి. మొన్న చూద్దామన్న ఒకావిడే “ఇప్పుడు పిలిసినావు, ఇప్పుడొస్తాం” అని కూర్చోబెట్టి ఉప్మా పెట్టింది. సెక్రటరీ భార్యకూ బొట్టు పెట్టాను. ఇదేం పద్ధతని ఆవిడ ముచ్చటపడి, కొబ్బరుండలు చేతిలో పెట్టింది.

పండుగనాడు చూడాలి నువ్వు. కుర్చీలు చాలక చర్చి నుంచి బెంచీలు మోయించాం. మోమోల దీదీ నేపాలీ పాట పాడితే ముసలివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. రూతమ్మ ఆంటీ మాత్రం మైకు ముందు బిగుసుకుపోయింది. చివరికి, మస్కట్‌లో పిల్లలకు తాను రోజూ చెప్పిన మాటలే నేర్పింది. కూర్చో, తిను, ఏడవకు, అమ్మ వచ్చేస్తుంది. హాలంతా ఆ మాటలు అరబ్బీలో తిరిగి పలికింది. ఆంటీ కూతురు ముందు వరసలోనే కూర్చుంది. చిన్నప్పుడు తనకు ఆ మాటలు చెప్పడానికి ఆంటీ ఇంట్లో లేదు. తల్లీకూతుళ్లు ఏడుస్తుంటే నాకూ ఏడుపాగలేదు.

అంతా అయ్యాక సెక్రటరీ నా చేతిలో తాళం పెట్టాడు. “హార్ గయా దీదీ” అని, ఓడిపోయానంటూ నవ్వాడు. నర్సింగ్ పిల్లలు అప్పుడే పేర్లు ఇచ్చేశారు. వచ్చే నెల మొదటి ఆదివారం క్లాసు మొదలు.

అత్తయ్యగారికీ మావయ్యగారికీ నా దండాలు చెప్పు, దీవించమను. పిల్లలకు ముద్దులు. ఇక్కడి చింతపండుతో నాకు పులుసు కుదరడం లేదు, మనది కాస్త కావాలి.

ఇక నీ సంగతి. ఇన్ని నెలలైనా నువ్వు రాలేదని నీమీద అలిగాను. ‘తీరికుంటే రా’ అని ఫోనులో అన్నాను గానీ, నిన్ను పిలిచిందెక్కడ? ఈ ఉత్తరం మడతలో చిన్న పొట్లం ఉంది, కుంకుమ. మెల్లగా విప్పు, చీర పాడవుతుంది. అత్తయ్యగారి చేత నుదుట పెట్టించుకుని, నేనే పెట్టాననుకో. మొదటి క్లాసునాడు ముందు వరసలో కుర్చీ నీదే.

అప్పా, మా ఇంటి పని. తప్పకుండా రావాలి.

నీ దీవెన కోరే
చెల్లెలు లలిత