బొలోన్యాలో నేనాడిన అబద్ధం

స్లౌ, ఇంగ్లండ్, నవంబరు, ఆదివారం రాత్రి

రమణన్నతో ఇటలీలో బొలోన్యా చూసి ఇందాకే ఫ్లాట్‌కి వచ్చాను. రెండు రోజులూ వానే. అయినా ఆ ఊళ్లో తడవక్కర్లేదు, వీధి పొడవునా మేడల కిందే నడవొచ్చు. చదువుకి, పనికి బయటినుంచి వచ్చినవాళ్లకి చోటు చాలక, వందల ఏళ్ల కిందట మేడగదుల్ని వీధి మీదికి పెంచి కింద స్తంభాలు నిలబెట్టారట. లైబ్రరీ పుస్తకంలో చదివాను. అదే చెబితే అన్న నవ్వాడు.

"నన్ను మాత్రం ఒక్క ఈమెయిల్‌తో పొమ్మన్నారు కదరా!"

కంపెనీ అతని వీసా స్పాన్సర్‌షిప్ తీసేసింది. వచ్చే నెల ఇండియా వెళ్లిపోవాలి. ఆ సంగతి లావణ్య వదినకి చెప్పలేదు. ఆవిడేమో ఇక్కడికి రావడానికి కాకినాడలో టీచరు ఉద్యోగం మానేసి కూర్చుంది.

"సిగ్గులేదా నీకు? ఇవాళ చెప్పకపోతే నేనే చెప్తా" అని నిన్న నడివీధిలో అరిచాను. అన్న వదినకి వీడియో కాల్ చేసి, ఫోన్ నా చేతిలో పెట్టాడు.

"మరిదిగారూ, ఆ వాన చూస్తుంటేనే వణుకొస్తోంది! మీ అన్నకి ఏవీ తెలీవుగానీ, అక్కడి చలికి ఎలాంటి కోటు కొనుక్కోమంటారు?"

ఎవరి మొహం మీదైనా ఉన్నమాట అనేసేవాణ్ణి నేను. ఆవిడ నవ్వుతోంది. అన్న గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"మందంగా ఉండేది తీసుకోండి వదినా."

విమానం దిగి ఫోన్ ఆన్ చేస్తే వదిన పంపిన ఫొటో వచ్చి ఉంది. ఎర్ర కోటు. ఇక షాపుకి తిరిగివ్వడానికి లేకుండా లేబుల్ కూడా కత్తిరించేసిందట. అన్న పక్కగదిలో ఉన్నాడు. ఇప్పుడు ఏ మొహంతో అతని మీద అరవను?