భయపడే గాలెన్న

కుందుర్పి,
12 మార్చి 1960.

ప్రియమైన మీకు,

రోషన్ సలాములు. అత్తమ్మా నేనూ బాగున్నాం. బడి బావిలో నీళ్లు అడుగంటాయి. పిల్లలు ఇంటి నుంచే చెంబుల్లో తెచ్చుకుంటున్నారు.

మీరు పంపిన బొమ్మల పుస్తకం మొన్న అందింది. పోస్టుమాన్ చిన్నప్ప సంచిలోంచి తీయగానే అట్ట మీద ఎగురుతున్న మనిషిని గుర్తుపట్టాను. గాలెన్న! నేను నిలబడే విప్పానంటే నమ్మండి. పొయ్యి మీద సంగటి మాడిందని అత్తమ్మ ఇప్పటికీ అంటూనే ఉంది.

నిరుడు మీరు మద్రాసు వెళ్లిన కొత్తలో ఊళ్లోకి డేరా సినిమా వచ్చిందని రాశాను కదా. అసలు సినిమాకు ముందు కాసేపు కదిలే బొమ్మల సినిమా వేసేవారు. వీపున దుప్పటి కట్టుకుని గాలిలో ఎగిరే మనిషి, ఆపదలో ఉన్నవాళ్లను కాపాడతాడు. వాడే గాలెన్న. పక్కింటి లక్ష్మీదేవమ్మను తోడు పిలుచుకుని తొమ్మిదిసార్లు చూశాను. నాలుగుసార్లు అసలు సినిమా చూడకుండానే ఇంటికి వచ్చేశాం.

అంత ఇష్టం కాబట్టి చెబుతున్నాను, పుస్తకం నాకు నచ్చలేదు. బొమ్మలు బాగున్నాయి, రంగులు బాగున్నాయి. బొమ్మల కింద అచ్చు వేసిన మాటలే బాగాలేవు. పేరు పవనకేతు అట. పోనీ, పేరుదేముంది. కానీ లోయ దగ్గరి ఘట్టం చూడండి. వంతెన విరిగి ఒక పిల్లవాడు లోయలో పడిపోతాడు. డేరాలో గాలెన్న ఆ అంచున నిలబడి, కండ్లు మూసుకుని, "అబ్బా, శానా లోతుండాదే. నాకు కాళ్లు వణుకుతాండాయి. అయినా పోవల్ల గదా, బిడ్డ ఆడుండాడు" అనేవాడు. ఆ తరువాత దూకేవాడు. పుస్తకంలో పవనకేతు "భయమన్నది నేనెరుగను" అని ఒక్క ఉదుటున దూకేశాడు. భయమే ఎరగనివాడు దూకితే అందులో గొప్పేముంది? నేను బడిలో టీచరుగా చేరిన మొదటిరోజు, నలభైమంది పిల్లల ముందు నోరు పెగలక నిలబడ్డాను. అప్పుడు నాకు తోడు వచ్చింది ఆ వణికే గాలెన్నే, ఈ పవనకేతు కాదు.

ఈ మాటలు రాసిన పెద్దమనిషి ఎవరు? మీ ప్రెస్సులోనే ఉంటారు కదా. ఆ సినిమా అసలు చూశారా లేదా అని అడిగి రాయండి. భయాన్ని ఎందుకు తీసేశారో కూడా అడగండి.

జవాబు కోసం చూస్తుంటాను.

మీ
రోషన్ బీ


మద్రాసు,
23 మార్చి 1960.

ప్రియమైన రోషన్‌కు,

నీ జాబు చేరింది. ప్రెస్సులో సీసం అక్షరాలు కూర్చి కూర్చి చూపుడువేలు కొద్దిగా వాచింది, అంతకుమించి క్షేమమే. అమ్మను చల్లపూట తప్ప బయట తిరగనివ్వకు.

నీ ప్రశ్న ఆ రాసినాయనకు చేర్చాను. కాస్త నొచ్చుకున్నాడు. సినిమా మూడుసార్లు చూశానని, అందులో లేని భయాన్ని ఎలా తీసేస్తానని అన్నాడు. నాకూ సందేహం వచ్చింది. పుస్తకం రెండో భాగం పనికోసం మా యజమాని ఆ రీలును ఇంకోసారి వేయిస్తే నేనూ వెళ్లి చూశాను.

రోషన్, ఆ బొమ్మ మాట్లాడేది ఇంగ్లీషు. మొత్తం మీద పది మాటలకు మించి మాట్లాడడు. లోయ అంచున కండ్లు మూసుకుని నిలబడడం నిజమే. కానీ అప్పుడు వాడి నోరు కూడా మూసే ఉంది. ఆ నిలబడడం భయంతోనా, పిల్లవాడి ఏడుపు ఎటునుంచి వస్తున్నదో వినడానికా, నాకు తెలియలేదు. మూసిన నోట్లోంచి నీకు అన్ని మాటలు, అవీ మన కుందుర్పి మాటలు, ఎలా వినిపించాయి?

నిన్ను ఎగతాళి చేస్తున్నానని అనుకోకు. నిజంగానే తెలుసుకోవాలని ఉంది. లక్ష్మీదేవమ్మనూ అడిగి చూడు.

నీ
రహంతుల్లా


విడపనకల్లు,
9 మే 1960.

ప్రియమైన మీకు,

సలాములు. బడికి సెలవులిచ్చారు. అక్క ఇంటికి వచ్చి వారం అయింది. ఇన్నాళ్లు జాబు రాయనందుకు కోపగించుకోకండి. మీ ప్రశ్నకు జవాబు దొరికేదాకా రాయకూడదని పంతం పట్టాను.

లక్ష్మీదేవమ్మను ముందే అడిగాను. "వాడు మాట్లాడినాడు, నేను ఇన్నా" అంది. ఏ భాషలో అంటే "ఏ భాషేంది, మన మాటే" అంది. మా బడి పిల్లల్లో డేరాకు వెళ్లినవాళ్లందరిదీ అదే మాట. ఇంతమందికి ఒకేరకంగా కల వస్తుందా?

ఇక్కడికి వచ్చాక చూద్దును కదా, అదే డేరా ఊరి బయట వేసి ఉంది. అక్క కూతురిని వెంటబెట్టుకుని సాయంత్రం ఆటకు పోయాను. ఈసారి ఆడవాళ్ల వైపు కూర్చోలేదు. వెనుక సినిమా వేసే మిషను పెట్టె పక్కనే నిలబడ్డాను. బొమ్మల సినిమా మొదలవగానే మిషను నడిపే మనిషి పెట్టెలోంచి వచ్చే శబ్దం బాగా తగ్గించేసి, టికెట్ల కోసం కేక వేసే మైకు నోటి దగ్గర పెట్టుకున్నాడు. "అబ్బా, శానా లోతుండాదే" అన్నాడు.

గాలెన్న గొంతు ఆయన దగ్గర ఉంది. తొమ్మిదిసార్లు తెరనే చూశాను గాని ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు.

ఆయన పేరు హుస్సేన్ పీరా. యాభై ఏళ్లుంటాయి. మర్నాడు పొద్దున వెళితే డేరా గుడ్డకు కుట్లు వేసుకుంటున్నాడు. మొదట బెదిరాడు.

"సినిమా కంపెనీవాండ్లు పంపినారా తల్లీ?" అన్నాడు.

"లేదన్నా. నేను కుందుర్పి టీచరును. మీ గాలెన్నను తొమ్మిదిసార్లు చూసినాను."

"తొమ్మిదిసార్లా?" అని సూది పక్కన పెట్టాడు. "ఆ ఇంగిలీషు జనానికి అర్థం గాలేదమ్మా. వాడు అంచుకాడ ఊరికే నిలబడతాడు. జనం ఈలలు ఏస్తాండ్రి. ఒకనాడు నేనే మైకు ఎత్తుకొని నోటికొచ్చింది సెప్పినా. నగినారు. ఇంగ అదే సాగింది."

"నవ్వించాలంటే ఇంకేమైనా చెప్పొచ్చు కదన్నా. భయమే ఎందుకు పెట్టినారు?"

ఆయన నన్ను చూసి, గుడ్డ వైపు చూసి, "వాన్ని చూస్తే అట్లనిపించింది తల్లీ" అన్నాడు. మళ్లీ సూది తీసుకున్నాడు. ఇంకేదో ఉందని నాకు అనిపించింది. అడగలేకపోయాను.

చూశారా, నా చెవుల్లో తప్పు లేదు. మీ పెద్దమనిషికి ఈ సంగతి చెప్పండి. ఇంగ్లీషు రీలు మూడుసార్లు చూసేకంటే ఈ డేరాకు ఒక్కసారి వచ్చి ఉంటే పుస్తకానికి ప్రాణం వచ్చేదని నా మాటగా చెప్పండి.

మీ
రోషన్ బీ


మద్రాసు,
27 మే 1960.

ప్రియమైన రోషన్‌కు,

ఈ జాబు మూడుసార్లు రాసి చించాను.

ఆ పెద్దమనిషిని నేనే.

మామూలుగా ఇలాంటి పుస్తకాలకు మాటలు రాసే పంతులు జబ్బుపడి ఊరికి పోయాడు. పుస్తకం ఆగిపోతుందని యజమాని తల పట్టుకుంటే, నేను రాస్తానని అన్నాను. ఇరవైమంది పనివాళ్ల ముందు ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఏడో తరగతితో చదువు మానినవాడివి, అక్షరాలు కూర్చుకోక నీకెందుకని అందరూ నవ్వారు. యజమాని మాత్రం రాయమన్నాడు. రాసింది చదివి బాగుందన్నాడు. నీకు ముందే చెబితే భర్త రాశాడని మెచ్చుకుంటావు. ఎవరో తెలియకుండా చదివి ఏమంటావో వినాలనుకున్నాను. విన్నాను.

నీ మీద కోపం లేదు. నువ్వు చెప్పింది సరిగ్గా ఉంది కాబట్టే బాధ. నిజానికి, లోయ దగ్గరి ఘట్టానికి మొదట మన మాటల్లోనే రాసుకున్నాను. భయం అప్పుడూ లేదు, మాట మాత్రం మనది. చదివితే వీడు పల్లెటూరివాడని నవ్వుతారని నేనే కొట్టేసి, పంతులు రాసినట్టు రాశాను. ఎవరూ కొట్టేయమనలేదు.

మొదటి భాగం ఆ దూకడంతోనే ఆగుతుంది. రెండో భాగం రాయమని యజమాని పోయిన వారం పిలిచి అడిగాడు. నా చేత కాదని చెప్పేశాను. పంతులు తిరిగి రాకుంటే రెండో భాగమే ఉండదట. లేకపోతే పోయింది. నా పెట్టె, నా సీసం అక్షరాలు నాకు చాలు. ఆ పీరా అన్నకు మాత్రం నా సలాము చెప్పు. ఆయన మైకులో నోటికొచ్చింది చెప్పాడు. నేను కాగితం మీద కూడా నా నోటికొచ్చింది రాయలేకపోయాను.

ఇక ఈ సంగతి ఇంతటితో వదిలేద్దాం.

నీ
రహంతుల్లా


విడపనకల్లు,
6 జూన్ 1960.

ప్రియమైన నా రచయితగారికి,

రోషన్ సలాములు. ఎగతాళి కాదు, ఇలా పిలవాలనే అనిపించింది.

మీ జాబు చదివి ఆ పూట అన్నం తినలేదు. అన్ని మాటలు అన్నాను, అదీ మీ చేతి రాతను. మీరు ఎదురుగా ఉంటే ఏం చేసి ఉండేదాన్నో తెలియదు. కానీ అన్నమాట వెనక్కి తీసుకోను. తీసుకుంటే మీరే నమ్మరు.

మీ సలాము చెప్పడానికి పీరా అన్న దగ్గరికి వెళ్లాను. పుస్తకం కూడా తీసుకెళ్లాను. ఆయనకు చదువు రాదు. "నీ గాలెన్ననే పుస్తకంగా వేశారన్నా. నాకు నచ్చలేదు, నీకూ నచ్చదు" అని ముందే చెప్పి చదవడం మొదలుపెట్టాను. లోయ ఘట్టం వచ్చింది. "భయమన్నది నేనెరుగను" అని చదివి ఆయన నవ్వుతాడని ఆగాను.

ఆయన నవ్వలేదు. "ఇంగొకసారి సదువు తల్లీ" అన్నాడు.

చదివాను. "ఎరగడంట" అని తనలో తాను అనుకున్నాడు. మూడోసారీ చదివించుకున్నాడు. అప్పుడు చెప్పాడు.

"మేము బావులు తవ్వేటోళ్లం తల్లీ. నేనూ మా తమ్ముడు జమాలూ. కరువు ముదిరేకొద్దీ నీళ్లు కిందికి పోయె. మేము ఎనకాలే పోతాంటిమి. అరవై అడుగులు తవ్వినాంక ఒకనాడు అంచుకాడ నిలబడితే నాకు కాళ్లు రాలేదు. కండ్లు మూసుకొని నిలబడినా. దిగల్లనే అనుకున్యా, కాలు రాలేదు. 'నువ్వుండన్నా, నేను పోతా' అని వాడు మోకు పట్టుకొని దిగినాడు. బావి ఒక పక్క ఇరిగి వాని మీద పడింది."

నేను పుస్తకం మూశాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"ఆ బొమ్మ కండ్లు మూసుకొని నిలబడినప్పుడల్లా నాకు నేనే కనబడతా. అందుకే దినామూ వాన్ని భయపెట్టి, అయినా దూకిస్తాండా. నువ్వు దాన్ని గొప్ప అనుకున్నావు. నాకు గొప్ప గాదు తల్లీ. భయం లేనోడు ఒకడు యాడన్నా ఉంటే బాగుండునని నా ఆశ. ఈ పుస్తకంలో ఉండాడు."

నేను ఇన్నాళ్లూ పుస్తకంలో లేనిదేమిటో వెతికాను. ఉన్నది ఎవరికి కావాలో నాకు తోచలేదు.

"ఇది రాసినాయప్ప ఎవురు?" అని అడిగాడు. "మా ఇంటాయన" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నాకు ఎంత గర్వంగా ఉందో ఎలా రాయాలి? పుస్తకం ఆయన దగ్గరే వదిలేశాను. తిరిగి ఇవ్వబోయాడు గాని చేతులు వదలలేదు.

చివరి పుట తిప్పి, అక్కడ బొమ్మలు అయిపోవడం చూసి, "దూకినాడు, సరే. పైకొచ్చినాడా?" అన్నాడు.

"సినిమాలో వస్తాడు కదన్నా, దినామూ నువ్వే చూపిస్తావు కదా."

"సినిమాలో వస్తాడు, నాకు తెలుసు. మీ ఆయన రాసిన దాంట్లో వస్తాడా?"

అడిగి చెబుతానని వచ్చాను. అందుకే అడుగుతున్నాను. ఈ జాబు అందిన రోజే యజమాని దగ్గరికి వెళ్లి, రెండో భాగం నేనే రాస్తానని చెప్పండి. ఏ భాషలో రాస్తారో, భయం పెడతారో లేదో మీ ఇష్టం. నచ్చకపోతే మళ్లీ జాబు రాస్తాను, ఈసారి మీ పేరు పెట్టే తిడతాను. కానీ ఆ పిల్లవాడినీ పవనకేతునూ ఇద్దరినీ ఆ లోయలో వదిలేయకండి. పైకి తీసుకురండి.

డేరా ఎత్తేలోగా పీరా అన్నకు కబురు చెప్పాలి. ఈ నెల ఇరవైదాకా ఇక్కడే ఉంటారట.

మీ
రోషన్ బీ