బస్సు మీది బాపు

జనవరి 20, సోమవారం

మా బాపు చేతిలో హుక్కా పెట్టారు.

పొద్దున డ్యూటీకి వెళ్తే ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌లో నేను నడిపే మినీ బస్సుకు కొత్త స్టిక్కర్ వేసి ఉంది. ఎడమవైపు నిండా బాపు. మనిషెత్తు. తలపాగా, జరీ కోటు, తెల్ల గడ్డం. చేతిలో వెండి హుక్కా గొట్టం, నోటి దగ్గర నీలం పొగ. వెనక మసకమసకగా చార్మినార్. కింద ఇంగ్లిష్‌లో రాశారు: నిజాం కొలువులో చివరి సేవకుడు. రండి, ఆయన నగరాన్ని చూడండి.

మా బాపు పేరు జ్ఞానయ్య. కాటేదాన్ ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర ముప్పై ఏళ్లు పనిచేశాడు. నిజాం రాజ్యం పోయిన పద్నాలుగేళ్లకు పుట్టాడు.

ఆ ఫోటో మొన్నటి క్రిస్మస్ నాటకంలోది. బుద్వేల్‌లో మా చర్చి ఆవరణలో నేనే తీశాను. పదకొండేళ్లుగా మూడో జ్ఞాని వేషం బాపుదే. తూర్పు దేశం నుంచి వచ్చి బాలయేసు ముందు కానుకగా బోళం అనే సుగంధ ద్రవ్యం పెట్టె పెడతాడు. కోటు బ్యాండువాళ్ల దగ్గర తెచ్చింది. పెట్టె అంటే మిఠాయి డబ్బా, దానికి అమ్మ బంగారు కాగితం అంటించింది. ఆ పెట్టె తీసేసి అవే చేతుల్లో హుక్కా పెట్టారు.

ఫోటో వాళ్లకు ఎవరిచ్చారు? నేనే. నా డీపీ చూసి మా టూర్ కంపెనీ మేనేజర్ మాధవీలత మేడమ్ అడిగింది. ఎవరండీ డానీ ఈయన, ఎంత దర్జాగా ఉన్నారు, నాకొకసారి పంపండి అంది. మా నాన్నే మేడమ్ అని పొంగిపోయి పంపాను. ఎందుకని అడగలేదు. గాడిదను.


జనవరి 21

ఇంట్లో చెప్పలేదు.


జనవరి 23, గురువారం, మధ్యాహ్నం 3

పుణె నుంచి వచ్చిన భార్యాభర్తలు. వేరే గెస్టుల ఫ్లైట్ లేటు, బస్సులో ఆ ఇద్దరే. ఆరాంఘర్ దాకా ఆమె అద్దానికి ముఖం ఆనించి కూర్చుంది. ముత్యాల బజారు ఎప్పుడొస్తుంది, నవాబుల హవేలీలు ఇంకా ఎంత దూరం అని ఒకటే అడగడం. మైలార్‌దేవ్‌పల్లి దగ్గర సిమెంటు లారీల మధ్య ఇరవై నిమిషాలు ఇరుక్కుపోయాం. ఏసీ ఆపి అద్దం తియ్యి బాబూ, అత్తరు వాసన వస్తుందేమో అంది. ఆపాను. డీజిల్ వచ్చింది. తుమ్మింది. అయినా ఆశ చావలేదు.

తర్వాత ఫోన్‌లో మా కంపెనీ పేజీ తీసి, ఈ ముసలాయన నిజంగా ఉన్నాడా అని అడిగింది. ఆ కళ్లు చూడు, ఎంత దిగులో, తన రాజును ఇంకా మర్చిపోలేదు పాపం అని మొగుడితో అంటోంది.

ఆ దిగులు ఎందుకో నాకు తెలుసు. పాస్టర్ గారి ప్రసంగం గంటన్నర నడిచింది. జ్ఞానులు ముగ్గురూ టీ లేకుండా తెర వెనక నిలబడ్డారు.

ఆయన మా బాపు మేడమ్ అన్నాను. నిజం తెలిస్తే నోరు మూస్తుందనుకున్నాను. ఆమె చప్పట్లు కొట్టింది. అయితే మీది నిజాంకు సేవ చేసిన కుటుంబమా అంది.

చేశాం. మా తాత రాజయ్య చేశాడు. వెట్టి. దొర ఇంటికి కట్టెలు కొట్టాడు, ఊరికొచ్చిన ప్రతి అధికారి సామాను మోశాడు, కూలి అడిగితే వీపు మీద వాతలు. అది చెప్పడానికి నా ఇంగ్లిష్ చాల్లేదు. చాలినా చెప్పేవాణ్ణి కాదేమో. ఉద్యోగం.


జనవరి 26, ఆదివారం

అయిపోయింది. అందరి ముందూ.

ఆరాధన అయ్యాక జెండా ఎగరేసి పిల్లలకు చాక్లెట్లు పంచుతున్నాం. సంఘం సెక్రెటరీ జయకర్ అన్న ఫోన్ ఎత్తి పట్టుకుని బాపు దగ్గరికి వచ్చాడు. సిగ్నల్ దగ్గర మా బస్సు కనబడిందట, ఫోటో తీశాడట. జ్ఞానయ్యన్నా, ఏంది ఇది, పందొమ్మిదేండ్ల సాక్ష్యం గిట్ల పొగ లెక్క పాయెనా అన్నాడు. వెనక నుంచి మా సంఘం కుర్రాడు శేఖర్ గాడు నడుం వంచి, నవాబ్ సాబ్ సలాం, జర మాకు గూడ ఒక దమ్ము ఇయ్యరాదు అన్నాడు. ఆడవాళ్ల వైపు కిసకిస నవ్వులు.

పందొమ్మిదేళ్ల కింద బాపు రోజుకు రెండు కట్టల బీడీలు తాగేవాడు. మందు వేరే. నాకు నాలుగేళ్లప్పుడు సుద్దముక్క నోట్లో పెట్టుకుని ఆయనలాగే గుప్పుగుప్పుమన్నానట. ఆ రోజు కట్ట పొయ్యిలో వేశాడు. ప్రతి జనవరిలో చర్చిలో నిలబడి ఆ సంగతే సాక్ష్యంగా చెబుతాడు. దాన్ని చూసే సంఘ పెద్దను చేశారు. ప్రభురాత్రి సంస్కారం నాడు అందరికీ పంచే రొట్టె పళ్లెం పట్టుకునేది ఆయనే.

బాపు ఫోన్ చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. నేను తాగలేదు జయకరూ అన్నాడు.

నేను నా ఫోన్‌లో అసలు ఫోటో చూపించాను. జయకర్ అన్న నమ్మలేదు. నాటకంల పెట్టె పట్టిండు, మేం గూడ చూసినం తమ్మీ, కాదంటలేం. అయిపోయినంక కంపెనోళ్లకు మళ్ల కూసొని దిగిండు కావొచ్చు. ఫోన్ల ఇయ్యాల రేపు ఏదన్న చేస్తరు, ఏది నిజమని చెప్పాలె అన్నాడు. కంపెనీ నుంచి కాయిదం తే, శనివారం కమిటీల పెడత. లేకుంటే రెండో తారీఖు సంస్కారానికి మీ బాపు పళ్లెం ముట్టొద్దు, పెద్దల లిస్టుల పేరు ఉండదు అన్నాడు.

బాపు నా బండి ఎక్కలేదు. నడిచే ఇంటికొచ్చాడు.


జనవరి 27

తుక్కుగూడ ఆఫీసుకు వెళ్లాను. మేడమ్ కాఫీ ఇప్పించింది. కోపం పడకండి డానీ, మీ నాన్నగారికి ఇది గౌరవమే కదా, గెస్టులు ఆ బస్సు ముందు నిలబడి ఫోటోలు దిగుతున్నారు అంది. కాగితం రాసివ్వమన్నాను. బొమ్మ మేం తయారు చేశామని మేమే ఎలా రాస్తామండీ, గెస్టులు మోసమంటారు కదా అంది. తర్వాత గొంతు తగ్గించి, శనివారాలు ఆయన్ని హోటల్ లాబీలో కూర్చోబెట్టగలరా, హుక్కా వెలిగించక్కర్లేదు, ఊరికే పట్టుకుంటే చాలు, మాట్లాడక్కర్లేదు కూడా అంది.

కాఫీ తాగకుండా వచ్చేశాను. అంతకన్నా ఏమీ చెయ్యలేకపోయాను.


జనవరి 28, మంగళవారం

బాపుకు చెప్పేశాను. ఫోటో ఇచ్చింది నేనే అని. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

నా పెట్టె ఏం జేసిన్రు కొడుకా అని అడిగాడు.

చెరిపేశారు బాపూ అన్నాను. మీ అమ్మ రెండు రోజులు కూసొని అంటిచ్చె గదరా అన్నాడు.

అమ్మ మాత్రం ఊరుకోలేదు. మా ప్రేమావతమ్మ నోరు లేస్తే బుద్వేల్ అంతా వినాల్సిందే. ఆ బస్సు ఏడుందో చూపియ్యి, పేడ తెచ్చి పూస్త, ఎవలొచ్చి కడుగుతరో నేనూ చూస్త అంది. నువ్వు సల్లగుండు ప్రేమా అని బాపే ఆమెను ఊరడించాడు.


జనవరి 30, గురువారం, సాయంత్రం

ఇవాళ మైకు తీసుకున్నాను. ఎయిర్‌పోర్ట్ నుంచి పద్నాలుగు మంది. గైడు రాలేదు. బస్సు రోడ్డు పక్కన ఆపి వెనక్కి తిరిగి నిలబడ్డాను. పాత పేపర్లు చదివి, ప్యాసింజర్ల మాటలు విని నేర్చుకున్న ఇంగ్లిష్. తప్పులు పోతే పోనీ అని మొత్తం చెప్పాను. ఆయన సేవకుడు కాదు, మా బాపు. చేతిలో హుక్కా అబద్ధం. మా తాత వీపు మీద వాతలు నిజం. మీరు చూడ్డానికొచ్చిన నవాబుల సామాను మోసింది మావాళ్లు. ఈ బొమ్మ వల్ల మా బాపు చర్చిలో తల ఎత్తలేకపోతున్నాడు.

చప్పట్లు. బస్సంతా. కోల్‌కతా పెద్దాయన ఒకడు కళ్లు తుడుచుకుని, వాట్ ఎ పెర్ఫార్మెన్స్ అన్నాడు. ఇద్దరు అమ్మాయిలు దిగి బాపు బొమ్మ పక్కన నన్ను నిలబెట్టి సెల్ఫీ తీసుకున్నారు.

నా కోపం కూడా టికెట్‌లో కలిసే వస్తుందనుకున్నారు.

గంటలో మేడమ్ ఫోన్. సూపర్ డానీ, అందరూ ఐదు స్టార్లు ఇచ్చారు, ఇకనుంచి ప్రతి ట్రిప్పులో చెప్పండి అంది. మీ తాతగారి భాగం కొంచెం పెంచండి, చాలా ఎమోషనల్‌గా ఉందట అంది.

ఇంటికొచ్చేసరికి బాపు అమ్మతో అంటున్నాడు, ఈ ఐతారం నేను రాను, నువ్వు పోయిరా అని. పందొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం మానని మనిషి.


జనవరి 31, శుక్రవారం, ఉదయం 6

మేడమ్‌కు పంపింది ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను.

మేడమ్, బస్సు ఈ రోజు ఎయిర్‌పోర్టుకు రాదు. బుద్వేల్‌లో మా చర్చి ప్రహరీకి ఆనించి పెట్టాను, బాపు ముఖం గోడవైపు. తాళం నా దగ్గరుంది. పోలీసులను పంపుతారా, పంపండి, స్టీరింగ్ ముందే కూర్చుని ఉంటాను. నాకు కావలసింది లెటర్‌హెడ్ మీద మూడు ముక్కలు. ఫోటో క్రిస్మస్ నాటకంలోది. హుక్కా మేమే పెట్టాం. జ్ఞానయ్యగారు పొగ తాగలేదు. కింద మీ సంతకం, స్టాంపు. రేపు సాయంత్రం ఐదింటికి కమిటీ కూర్చుంటుంది. నాలుగున్నరలోపు జవాబు రావాలి.